హామ్‌స్టర్‌కి కేజ్ కొనడానికి వెళ్తున్నారా? టేపు పట్టుకెళ్ళండి

విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. 22 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. కొలత తీయకుండా గుడ్డ మీద కత్తెర పెట్టను. అలాంటిది, మా అమ్మాయి హామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) కావాలని పేచీ పెడితే, కొలత చూడకుండా కేజ్ కొనేశాను. రెండంతస్తులు, గులాబీరంగు మెట్లు, పసుపుపచ్చ గొట్టం, ఓ చిన్న చక్రం. ధర 1,400. "ఇంత చిన్న ప్రాణానికి ఇది ప్యాలెస్ మేడమ్" అన్నాడు కొట్టబ్బాయి. నమ్మాను.

మూడో వారంలో ఓ రాత్రి రెండు గంటలకి చప్పుడుకి మెలకువ వచ్చింది. లైటు వేస్తే బెల్లం (రంగు చూసి మా అమ్మాయి పెట్టిన పేరు) ఒక కడ్డీని పళ్ళతో పట్టుకుని పక్కకి లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. ముక్కు మీద వెంట్రుకలు ఊడిపోయి చర్మం బయటపడింది. కడ్డీకి వేసిన తెల్ల పెయింటు లేచిపోయి, కింద ఇనుము ఎర్రగా తుప్పు పట్టింది. సముద్రం దగ్గర ఇళ్ళలో గేట్లకీ కిటికీ ఊచలకీ ఏమవుతుందో మనకి తెలిసిందే. చవక కేజ్ కడ్డీలు అంతకన్నా త్వరగా పోతాయి, ఆ పెయింటు పెచ్చులు దాని నోట్లోకి వెళ్తాయి.

అప్పుడు టేపు తీశాను. పొడవు 16 అంగుళాలు, వెడల్పు 12. జర్మనీ పశువైద్యుల జంతు సంక్షేమ సంఘం ఒక హామ్‌స్టర్‌కి కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలని చెబుతోంది. మన లెక్కలో సుమారు 39 అంగుళాలకి 20 అంగుళాలు. అంటే నేను కొన్నలాంటి కేజ్‌లు నాలుగు పక్కపక్కన పేరిస్తే గానీ దానికి కావలసిన నేల రాదు. అంతస్తులు లెక్కలోకి రావు. హామ్‌స్టర్ చూపు అంతంతమాత్రం, ఎత్తు అంచనా వేయడం దానికి రాదు. పై అంతస్తు నుంచి పడితే కాలు విరగొచ్చు. అది నేల మీద పరుగెత్తే, నేలలోకి తవ్వే జంతువు. సిరియాలో అడవి హామ్‌స్టర్ల బొరియలు కొలిచినవాళ్ళకి సగటు లోతు 65 సెంటీమీటర్లు వచ్చింది, రెండడుగుల పైమాటే. మనం పెంచే గోధుమరంగు హామ్‌స్టర్లు (సిరియన్ రకం) 1930లో అక్కడి అలెప్పో దగ్గర పట్టిన ఒక్క కుటుంబం సంతతే. ఆ తవ్వే గుణం ఇప్పటికీ పోలేదు.

అందుకే తక్కువ డబ్బుతో చేయాలనుకునేవాళ్ళకి నా మాట: కేజ్ కొట్టుకి వెళ్ళకండి. పాత అక్వేరియం వెతకండి. నీళ్ళు కారే అక్వేరియం చేపలకి పనికిరాదు కాబట్టి ఎవరైనా తక్కువకే ఇచ్చేస్తారు. మద్దిలపాలెంలో నా కస్టమర్ ఒకావిడ ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నది బాల్కనీలో పడి ఉంది. "మూల కారుతోందక్కా, పారేద్దామనుకుంటున్నా" అంది. 1,500 ఇచ్చి, ట్రాలీ ఆటోకి 250 పెట్టి తెచ్చుకున్నాను. కొనేముందు మూలలన్నీ వేలితో కాదు, గుడ్డతో తడమండి. పెచ్చు లేచి ఉంటే గుడ్డ దారం పట్టుకుంటుంది. ఇద్దరు మనుషులు లేకుండా ఎత్తకండి. గట్టి బల్ల లేకపోతే నేల మీదే ఉంచండి.

పైన గాజు మూత వద్దు. మన ఉక్కపోతలో అది ఇడ్లీ పాత్ర అయిపోతుంది. చెక్క చట్రానికి తుప్పు పట్టని స్టీలు మెష్ బిగించి మూత చేయించండి. మెష్ అంచు ఊరికే కత్తిరించి వదిలేయకూడదు. జాకెట్ అంచు మడిచినట్టు అర అంగుళం బయటికి మడిస్తే మొనలు దాని పంజాలకి తగలవు.

అక్వేరియం దొరక్కపోతే పాత టీవీ షోకేస్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, తలుపులు తీసేసి అలాంటి మూతే పెట్టొచ్చు. చెక్క మూత్రం పీల్చుకుంటుంది కాబట్టి అడుగున ఫ్లోర్ మ్యాట్ ముక్క పరచాలి, అంచులు దాని పంటికి అందకుండా. ఇక ప్లాస్టిక్ డబ్బాలు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో దొరుకుతాయి గానీ, ఒక్కటి గుర్తుంచుకోండి: అవి పైన వెడల్పు, కింద ఇరుకు, గౌను తిరగేసి పట్టుకున్నట్టు. కొట్టువాడు చెప్పేది పై కొలత. మీరు లోపలికి చెయ్యి పెట్టి అడుగు కొలవండి. మూతలోనే కాదు, రెండు పక్కలా కూడా కిటికీలు కోసి మెష్ బిగించాలి, లేకపోతే గోడలకి చెమ్మ పడుతుంది.

ఇంట్లో ఇప్పటికే కడ్డీల కేజ్ ఉంటే సందు చూడండి. పెద్ద సిరియన్ రకానికి అర అంగుళం దాటకూడదు. పిల్లకైనా, డ్వార్ఫ్ అనే చిన్న రకానికైనా సందులో పెన్సిల్ దూరితే అది కూడా దూరుతుందనుకోండి.

పెట్టె కుదిరాక అసలు పని బెడ్డింగ్, అంటే అది తవ్వుకోవడానికి అడుగున వేసే మెత్తటి పరుపు. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు హామ్‌స్టర్లకి 10, 40, 80 సెంటీమీటర్ల లోతు బెడ్డింగ్ ఇచ్చి చూశారు. 10 సెంటీమీటర్లలో ఉన్నవి కడ్డీలు ఎక్కువగా కొరికాయి, లోతు పెరిగిన చోట ఆ అలవాటు తగ్గింది. నేను ఒక సగంలో అడుగు లోతు, రెండో సగంలో ఆరంగుళాలు వేశాను. అచ్చు లేని తెల్ల టిష్యూ పేపరు చింపి, మధ్యమధ్య ఎండుగడ్డి పొరలు వేసి చేత్తో అదిమితే సొరంగం కూలదు. అడితి నుంచి రంపపు పొట్టు ఉచితంగా వస్తుంది కదా అని తేకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, దేవదారు లాంటి వాసన చెక్క పొట్టు మరీ చెడ్డది.

ఇంకోటి నా చేతుల్లోనే జరిగింది. షాపులో మిగిలిన గుడ్డ పీలికలు మెత్తగా ఉంటాయని గూటిలో వేశాను. మర్నాడు బెల్లం వెనక కాలు ఈడుస్తోంది. పాలిస్టర్ దారం ఒకటి వేలి చుట్టూ మూడు చుట్లు బిగిసి, వేలు నల్లబడటం మొదలైంది. మా అమ్మాయి తువ్వాలులో పట్టుకుంటే దారాలు కత్తిరించే చిన్న కత్తెర మొన దూర్చి తెంచాను. నా చెయ్యి అంతలా వణకడం ఎప్పుడూ లేదు. వేలు దక్కింది. దూది, గుడ్డ, ఊలు, దారం దాని ఇంట్లోకి ఏదీ వెళ్ళకూడదు.

వీల్ (అది పరుగెత్తే చక్రం) దగ్గర మాత్రం డబ్బు మిగల్చకండి. పెట్టె తర్వాత నాకు ఖరీదైంది అదే, 700. పరుగెత్తేటప్పుడు పక్కనుంచి చూడండి: వీపు తిన్నగా ఉంటే సరిపోయినట్టు, విల్లులా వంగితే వీల్ చిన్నది. సిరియన్‌కి 8 అంగుళాలు కనీసం, 11 ఉంటే మంచిది. డ్వార్ఫ్‌కి ఆరున్నర నుంచి 8. పుల్లల మెట్లు ఉన్నది వద్దు, కాలు ఇరుక్కుంటుంది.

మిగతావి చవక. మట్టి పిడత అడ్డంగా పడుకోబెడితే చల్లని గది. సగం కొబ్బరి చిప్పకి దారి కోసి అంచులు గరుకు కాగితంతో రుద్దితే ఇంకో గది. స్నానానికి ఇసుక కావాలి, కానీ బీచ్ ఇసుక వద్దు, అందులో ఉప్పూ చెత్తా ఉంటాయి. నది ఇసుక జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, బాణలిలో వేయించి చల్లార్చి పోయండి. జంటగా కొనమని కొట్లో చెబుతారు. సిరియన్లు పెద్దయ్యాక ఒకదాన్నొకటి కొరికి చంపుకుంటాయి. ఒక్కటే తెచ్చుకోండి.

మే నెలలో 28 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది, మనలా చెమట పట్టదు కదా. పెట్టెకి ఎండ సోకకూడదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసా తువ్వాలు చుట్టి గాజుకి బయటి వైపు ఆనిస్తాను, లోపల ఓ ఫ్లోర్ టైల్ ముక్క వేస్తాను. బెల్లం మధ్యాహ్నమంతా ఆ టైల్ మీదే పొట్ట ఆనించి పడుకుంటుంది. కదలకుండా సోలిపోయి, నోటి దగ్గర తడిగా ఉంటే మాత్రం చల్లటి గదిలోకి మార్చి వెంటనే డాక్టరుకి చూపించండి.

చీమలకి మందు చల్లొద్దు. పూర్వం పాల అలమరకి చేసినట్టు బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. దోసకాయ, కేరట్ ముక్కలు మిగిలితే తెల్లారేసరికి తీసేయాలి. బెడ్డింగ్ మొత్తం ఒకేసారి మార్చకుండా, తడిసిన మూల వరకే తీసి కొత్తది వేయండి. గూటిలో దాచుకున్న పొద్దుతిరుగుడు గింజలు కనబడితే అలాగే ఉంచండి. ఒకసారి అన్నీ ఊడ్చేస్తే, ఆ రాత్రంతా బెల్లం గూడు తిరగదోడి వెతుక్కుంటూనే ఉంది.