మన వైపు పాతకాలం వంటిల్లు మళ్ళీ తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలి

రెట్రో కిచెన్ అని వెతికితే ఎర్ర ఫ్రిజ్జు, నలుపు తెలుపు గళ్ళ నేల, గుండ్రటి స్టూళ్ళు వస్తాయండి, అవి అమెరికా వాళ్ళ 1950ల నాటి వంటిళ్ళు, మన ఇళ్ళలో ఎప్పుడూ లేవు. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి, బరంపురం, గునుపురం తెలుగిళ్ళలో పాత వంటిల్లంటే ఎర్ర గచ్చు, జాలీ అలమరా, అటక మీద ఇత్తడి గుండిగలు, మూలన సన్నికల్లు, కిటికీ పక్కన ఆవకాయ జాడీలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కదా, అందుకే ఈ వంటిళ్ళలో రెండు వైపుల వస్తువులూ ఉంటాయి, చద్దన్నం తినే కంచు గిన్నెని మనం కంచు గిన్నె అంటాం, పక్కింటి ఒడియా ఆవిడ కంసా అంటారు, గిన్నె మాత్రం ఒకటే. ఆ వంటిల్లు తిరిగి ఎలా తెచ్చుకోవాలో మేం చేసిన వరసలోనే రాస్తున్నాను.

ముందు ఒక కాలం అనుకోండి. అన్ని కాలాలూ కలిపేస్తే వంటిల్లు పాత సామాన్ల కొట్టులా తయారవుతాది. మేం మా అత్తగారు కాపరానికొచ్చిన 1968 అనుకున్నాం, ఆవిణ్ణి వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి పొయ్యి ఎక్కడుండేది, నీళ్ళ బిందెలు ఎక్కడుండేవి, ఉట్టి ఏ దూలానికి కట్టేవారు అని అడిగి సుద్దముక్కతో నేల మీదే గీసుకున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పని ఇవాళే చెయ్యండి, ఏ పుస్తకంలోనూ దొరకని విషయాలు చెప్తారు. ఆ తర్వాత అటక ఎక్కి చూడండి. ఏదీ కొనకముందు, ఏదీ అమ్మకముందు. చాలామంది ఇత్తడి సామాను కిలోల లెక్కన తూచి ఇచ్చేసి, మళ్ళీ అలాంటి గుండిగే కొత్తది పదింతలు పెట్టి కొంటున్నారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతాది.

ఇక గచ్చు. మొత్తం వంటింటికి రూపం ఇచ్చేది ఇదే, డబ్బులు తక్కువుంటే మిగతావన్నీ ఆపేసి ఇదొక్కటి చేయించినా చాలు. రెడ్ ఆక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడ్ పొడి, ఎండకి వెలవదు. పొడి ఎక్కువేస్తే రంగు బాగొస్తాదని కొందరు మేస్త్రీలు కుమ్మరించేస్తారు, అలా చెయ్యనివ్వకండి, సిమెంటు బరువులో పదో వంతు దాటితే గచ్చు బలం పోతాది, అంటే 50 కేజీల బస్తాకి 5 కేజీలే ఆఖరు. టైల్స్ మీద నేరుగా వేస్తే పట్టదు, టైల్స్ కొట్టించి కింద కాంక్రీటు దాకా వెళ్ళాలి, నీళ్ళు తూము వైపు పోయేలా వాలు అప్పుడే చూసుకోవాలి, దాని మీద ఇసక సిమెంటు పొర వేసి అది పూర్తిగా ఆరకముందే రంగు సిమెంటు పల్చగా పరిచి తాపీతో మెరుపొచ్చేదాకా నున్నగా రుద్దాలి.

రెండు విషయాలు మాత్రం దగ్గరుండి చూసుకోండి. ఒకటి, గది మొత్తానికి సరిపడా పొడీ సిమెంటూ ఒకేసారి పొడిగా ఉన్నప్పుడే కలిపి పెట్టుకోవాలి. రెండు, మొత్తం గది ఒక్క రోజులోనే అయిపోవాలి. మాకు మొదటిసారి చేసిన మేస్త్రీ సాయంత్రం అయిపోయిందని సగంలో ఆపి, మర్నాడు మళ్ళీ కలిపి మిగతా సగం వేశాడు, ఇప్పటికీ పొయ్యి వైపు ముదురు ఎరుపు, గుమ్మం వైపు ఇటుక రంగు, మధ్యలో గీత. ఎన్నిసార్లు తుడిచినా ఆ గీత అలాగే ఉంది, అది చూసినప్పుడల్లా బాధేస్తాది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. వేసిన మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి, పట్టా ఆరిపోతే సన్న పగుళ్ళు వచ్చేస్తాయి. పూర్తిగా ఆరాక కొబ్బరినూనె గుడ్డతో రుద్దండి, కొన్నాళ్ళకి కాళ్ళు తిరిగే కొద్దీ మెరుపు దానంతటదే వస్తాది. బాత్రూం యాసిడ్ దగ్గరకి కూడా రానివ్వకండి, నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడిచెయ్యాలి, పులుపు సిమెంటుని తినేస్తాది.

గోడలకి అప్పట్లో పైన సున్నం, అందులో కాస్త నీలిమందు, కింద నడుం ఎత్తు దాకా పిస్తా రంగో లేత నీలమో ఆయిల్ పెయింటు, మధ్యలో ముదురు రంగు సన్న పట్టీ ఉండేది. ఆ పట్టీ ఒక్కటి గీయించండి చాలు, గది ముప్పై నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతాది. కాకపోతే పాత గోడ మీద పాత ఆయిల్ పెయింటు ఉంటే పొడిగా గీకొద్దండి. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు రంగుల్లో ఎంతుందో చెప్పలేం, ఆ దుమ్ము పిల్లలకి చాలా చెడ్డది. తడిపి గీకండి, మూతికి మాస్కు కట్టుకోండి, ఆ నాల్రోజులూ పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపించెయ్యండి.

జాలీ అలమరా పాతది దొరికితే వదలొద్దు, పాలు, పెరుగు, కూరలు గాలి తగిలేలా పిల్లి అందుకోకుండా దాచుకునేవాళ్ళం అందులో. చెక్క గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి కాదు, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, చెదపట్టిన చోట మెత్తగా దిగిపోతాది. జాలీ తుప్పు పట్టుంటే స్టీలు జాలీ వేయించండి, ప్లాస్టిక్ జాలీ వేస్తే అందం పోతాది, ఎలక కూడా కొరికేస్తాది. కాళ్ళ కింద నీళ్ళు పోసిన చిన్న గిన్నెలు పెడితే చీమలెక్కవు, నీళ్ళు మాత్రం రెండ్రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు.

ఇత్తడి కంచుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ వీటిని తోమీసి షెల్ఫులో వరసగా పెట్టీసి ఊరుకుంటారు, రెండు నెలలకి నల్లబడిపోతాయి, ముఖ్యంగా బరంపురం సముద్రపు గాలికి. వాడితేనే అవి బాగుంటాయి. చింతపండు, ఉప్పుతో తోమి వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే మచ్చలు పడవు. ఇత్తడి గిన్నెలో చారు, పులుసు కాయాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండాల్సిందే, పులుపు తగిలితే రాగి కరిగి కూరలోకి దిగుతాది. కళాయి వేసేవాళ్ళు గిన్నె కాల్చి నవసాగరం చల్లి తగరం పూసి దూదితో తిప్పుతారు, తగరం 232 డిగ్రీలకే కరుగుతాది కాబట్టి చిన్న కొలిమి చాలు. అందులో సీసం కలపలేదు కదా అని తప్పకుండా అడగండి. లోపల తెలుపు పోయి పసుపు కనిపించిన రోజు మళ్ళీ వేయించండి, తీగ పీచుతో రుద్దకండి. కంచులో రాగి, తగరం రెండే ఉంటాయి, మంచి కంచు మోగుతాది, కింద పడితే పగులుతాది, దాన్ని వండటానికి కాకుండా తినడానికి వాడండి. కొత్తవి కొనుక్కోవాలంటే శ్రీకాకుళం జిల్లా బుడితి మనకి దగ్గరే, అక్కడి ఇత్తడి, కంచు పనికి జీఐ, అంటే ఆ ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. షాపుల్లో తళతళ మెరిసే వాటి మీద వార్నిషు ఉంటాది, అవి పొయ్యి మీద పెట్టొద్దు.

సన్నికల్లుని సింకు కిందకి తోసెయ్యకండి. రజ పండగ ఆఖర్న ఒడియా ఇళ్ళలో ఆ రాతినే భూదేవిగా పసుపు నీళ్ళతో స్నానం చేయించి పూలు పెడతారు, మా వీధిలో తెలుగువాళ్ళు కూడా కొందరు చేస్తారు. ఎర్ర గచ్చు మీద గోడ వారగా ఒక అడుగు చోటు దానికి వదలండి, వారానికోసారి అల్లం పచ్చడి నూరుకున్నా సరే.

నల్ల బేకలైటు స్విచ్చులు, చెక్క పట్టీల మీద వైరింగు చూడ్డానికి బాగుంటాయి గానీ పాత వైరు మీద మిక్సీ, ఫ్రిజ్జు నడపొద్దు. లోపల వైరు మొత్తం కొత్తది లాగించి, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్సీసీబీ పెట్టించి, లైటుకి మాత్రం పాత స్విచ్చు ఒకటి ఉంచుకోండి. మిక్సీ జాలీ అలమరా పక్కన కర్టెను వెనకాల పెట్టుకోవచ్చు. పాత డాల్డా డబ్బాల్లో తినేవి వెయ్యకండి, అడుగున చిల్లులు పెట్టి కొత్తిమీర వేసుకోండి. జాడీల్లో పెచ్చులూడినవి, చారలు వచ్చినవి ఊరగాయకి పనికిరావు, ఉప్పు ఊరి బయటికొచ్చేస్తాది, వాటిల్లో గరిటెలు పెట్టుకోండి.

ఎప్పుడు మొదలెట్టాలంటే, దసరా దాటి వానలు తగ్గగానే గచ్చు వేయించండి. సిమెంటు పూర్తి బలానికొచ్చేదానికి 28 రోజులు పడతాది, అప్పటికి సరిగ్గా మార్గశిరం దగ్గరికొస్తాది. మార్గశిర గురువారాలకి ఇక్కడ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండితో గుమ్మం నుంచి వంటింటి దాకా లక్ష్మీదేవి పాదాలు, వరికంకులు ముగ్గులా వేస్తారు కదండీ, దాన్నే ఝోటి అంటారు, మొన్న మార్గశిరంలో మా అత్తగారు వంగలేక పీట మీద కూర్చునే రెండు పాదాలు వేశారు, మిగతావి నేను వేశాను, ఎర్ర గచ్చు మీద ఆ తెలుపు ఆరే కొద్దీ ఎంత బాగా పైకి తేలిందో.