ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు మన ఇంటికి పనికొస్తుందా? లెక్క వేసుకోవడం ఎలా

రాజమండ్రిలో ఏ పెద్ద షాపుకి వెళ్లినా గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. “సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు. అయిదు శాతం క్యాష్‌బ్యాక్. పాన్, ఆధార్ ఉంటే చాలు” అంటాడు. మా బావమరిది అక్కడికక్కడే లెక్క కట్టేశాడు. అమలాపురంలో వాళ్లింటి ఖర్చు నెలకి దాదాపు 34 వేలు. అందులో అయిదు శాతం వెనక్కి వస్తే 1,700. ఏడాదికి ఇరవై వేలు! ఆ రాత్రి ఖర్చుల పుస్తకం ముందేసుకుని ఇద్దరం కూర్చుంటే అది నెలకి 240కి దిగింది. అలాగని కార్డు వద్దనుకోలేదు, తీసుకున్నాడు. ఆ లెక్క ఎలా వేశామో చెప్తాను. మీ అంకెలు పెట్టుకుని మీరూ వేసుకోండి.

1. ఒక నెల ఖర్చు మొత్తం రాయండి

ఉజ్జాయింపుగా కాదు, పోయిన నెల బ్యాంకు స్టేట్‌మెంటూ ఫోన్‌పే హిస్టరీ చూసి రాయండి. పండగ నెల, పెళ్లిళ్ల నెల వద్దు, మామూలు నెల తీసుకోండి. మా బావమరిది పుస్తకంలో తేలింది ఇదీ: పాలు, చేపలు, కూరలు 8,000. వీధి చివర కిరాణా కొట్టు 4,000. సూపర్ మార్కెట్టు 3,000. పెట్రోలు 3,000. కరెంటు 1,800. ఫోన్లు, ఇంటర్నెట్ 1,500. ఆన్‌లైన్‌లో కొన్నవి 3,000. మందులు 2,000. స్కూలు ఫీజు 5,000. బట్టలు, హోటలు 2,500. మొత్తం 33,800.

2. కార్డు చెల్లని చోట్లు కొట్టేయండి

మన వైపు ఈ కొట్టివేత చాలా పెద్దది. పులసకి, పాలకి, కొబ్బరి దింపు కూలీకి కార్డు గీకే మిషను ఎక్కడుంటుంది? మా వాడి పుస్తకంలో పాలు, చేపలు, కూరలు, కిరాణా కొట్టు కలిపి 12,000 ఇక్కడే పోయింది.

ఇందులో కొంత వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. 2022 నుంచి రూపే (మన దేశపు కార్డు నెట్‌వర్క్) క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు, కొట్టులో క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు క్రెడిట్ కార్డు నుంచే వెళ్తుంది. అయితే అది వ్యాపారి పేరు మీద తీసుకున్న క్యూఆర్ అయి ఉండాలి. కొట్టాయన తన సొంత ఖాతా క్యూఆర్ అతికించుకుంటే క్రెడిట్ కార్డు నుంచి పోదు. మీరు రోజూ వెళ్లే నాలుగు కొట్లలో ఏ క్యూఆర్ ఉందో ముందే కనుక్కోండి. యూపీఐ ఖర్చుకి క్యాష్‌బ్యాక్ ఇస్తారా, తగ్గించి ఇస్తారా అన్నది కూడా ఆ కార్డు షరతుల్లోనే చూడాలి.

3. బ్యాంకు ఇవ్వనంటున్నవి కొట్టేయండి

అసలు కథ ఇక్కడుంది. నేను మొదటి కార్డు తీసుకున్న కొత్తలో మా అబ్బాయి కాలేజీ ఫీజు 40 వేలు ఒక యాప్‌లో కట్టేసి, బోలెడు క్యాష్‌బ్యాక్ వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది సున్నా. పైగా ఆ యాప్ వాళ్లు ఒక శాతం ఫీజు, దాని మీద జీఎస్టీ పట్టుకున్నారు. షరతుల్లో చిన్న అక్షరాల్లో “విద్యా చెల్లింపులు మినహా” అని ఉంది. చదవకపోవడం నా తప్పే.

ఎందుకిలా అంటే, మనం కార్డు గీకినప్పుడు షాపు వాడు బ్యాంకులకి కొంత రుసుము కట్టుకుంటాడు. మనకొచ్చే క్యాష్‌బ్యాక్‌లో ఎక్కువ భాగం ఆ రుసుములోంచే. ఆ రుసుము తక్కువగా ఉండే చోట బ్యాంకుకి మిగిలేదేమీ ఉండదు, అందుకని క్యాష్‌బ్యాక్ ఆపేస్తుంది. పెట్రోలు, అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, ఈఎంఐలు చాలా కార్డుల్లో ఈ మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, స్కూలు ఫీజు, బంగారం కొన్నింట్లో ఉంటాయి, కొన్నింట్లో ఉండవు.

ఇంకో మెలిక. మీరేం కొన్నారో బ్యాంకుకి తెలియదు. ఆ షాపు మిషనుకి ఇచ్చిన నాలుగంకెల కోడ్ మాత్రమే కనిపిస్తుంది. కిరాణాకి 5411, పెట్రోలు బంకుకి 5541, మందుల షాపుకి 5912. మిషను వేరే కోడ్ మీద నమోదై ఉంటే మీరు కొన్నది కందిపప్పే అయినా కిరాణా క్యాష్‌బ్యాక్ రాదు.

పెట్రోలు బంకులో “సర్‌ఛార్జి మాఫీ” అంటారు, దాన్ని క్యాష్‌బ్యాక్ ఖాతాలో వేయకండి. కార్డు వాడినందుకు వేసే ఒక శాతాన్ని వాళ్లే తీసేస్తున్నారు, అంతే. ఆ సర్‌ఛార్జి మీద వేసిన జీఎస్టీ మామూలుగా తిరిగి రాదు.

మా బావమరిది చూసిన కార్డులో పెట్రోలు, కరెంటు, స్కూలు ఫీజు మూడూ మినహాయింపులే. మరో 9,800 పోయింది. 33,800లో మిగిలింది 12,000.

4. మిగిలిన దాని మీద రెండు కార్డులు పోల్చండి

ఒకటి: ఒక్క ఆన్‌లైన్ షాపులో 5 శాతం, మిగతా చోట్ల 1 శాతం. ఆన్‌లైన్ 3,000 మీద 150, మిగతా 9,000 మీద 90. నెలకి 240.

రెండు: ఎక్కడైనా 1.5 శాతం. 12,000 మీద 180.

మొదటిదే మేలనిపిస్తుంది. కానీ ఆన్‌లైన్‌లో వెయ్యే కొన్న నెల చూడండి. మొదటి కార్డుకి 140, రెండోదానికి 150. ఆ 5 శాతం కోసం అక్కర్లేనివి కొనడం మొదలెడితే ఇక లెక్కే వద్దు. ఆన్‌లైన్ అలవాటు ఎక్కువున్న ఇంటికి మొదటిది, షాపుకెళ్లి కొనే ఇంటికి రెండోది అన్నది నా అభిప్రాయం.

నెలకి ఇంత వరకే అన్న పరిమితి ఉందేమో చూడండి. వచ్చేది ఏ రూపంలో అన్నది కూడా ముఖ్యమే. బిల్లులో తగ్గిస్తే అది డబ్బు. వాలెట్‌లో వేస్తే అక్కడే ఖర్చుపెట్టాలి. పాయింట్లయితే ఒక పాయింటు విలువ అడగండి. వందకి రెండు పాయింట్లు, పాయింటుకి పావలా అంటే అది అర శాతమే. ఆ పాయింట్లు మార్చుకోవడానికి మళ్లీ ఫీజు తీసుకునే కార్డులూ ఉన్నాయి.

బట్టల షాపులో “కార్డయితే రెండు శాతం ఎక్కువండీ” అంటే కార్డు జేబులో పెట్టేసి యూపీఐ చేసేయండి.

5. “ఫీజు లేదు” అంటే ఏ ఫీజు లేదో అడగండి

మొదటి ఏడాదే ఫ్రీ అనేది ఒకటి, ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే మాఫీ అనేది ఇంకొకటి, ఎప్పటికీ ఫ్రీ అనేది మరొకటి. కుర్రాడు మూడింటినీ “ఫ్రీ” అనే అంటాడు. ముఖ్యమైన షరతుల పత్రంలో జాయినింగ్ ఫీజు, వార్షిక ఫీజు రెండు చోట్లా సున్నా కనిపించాలి.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీస్తే ఫీజూ, తీసిన రోజు నుంచే వడ్డీ. ఆ పని ఎప్పుడూ చేయకండి. దరఖాస్తులో కార్డు ఇన్సూరెన్సు దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి.

6. గడువు తేదీకి చేతిలో డబ్బుంటుందా?

ఇది గోదావరి డెల్టాలో వాళ్లు ఇంకాస్త ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. జీతగాడికి ఒకటో తేదీన డబ్బు పడుతుంది. సార్వా, దాళ్వా పంటలు నమ్ముకున్నవాళ్లకి, రొయ్యల చెరువు పట్టుబడి కోసం చూసేవాళ్లకి అలా పడదు. కార్డు బిల్లేమో ఠంచనుగా నెలనెలా వస్తుంది.

ఒక్కసారి 12,000 బిల్లు కట్టడం మరిచిపోయారనుకుందాం. ఆలస్య రుసుము ఉదాహరణకి 750, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 885. నెలకి 3.5 శాతం వడ్డీ 420, జీఎస్టీతో 496. మొత్తం 1,381, అంటే దాదాపు ఆరు నెలల క్యాష్‌బ్యాక్. బిల్లులో చూపించిన కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది కానీ వడ్డీ తప్పదు. అదీ కొన్న రోజు నుంచి లెక్కేస్తారు, కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు పోతుంది.

అందుకని పంట డబ్బు రాగానే మూడు నాలుగు నెలల కార్డు ఖర్చు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేసి, పూర్తి మొత్తానికి ఆటో డెబిట్ పెట్టుకోండి. బిల్లు తేదీ కుదరకపోతే మార్చమని అడగండి. కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. అలా మూడు నాలుగు నెలల డబ్బు ముందే పక్కన పెట్టలేనివాళ్లకి, చెరువు మీద అప్పున్నవాళ్లకి ఈ కార్డు జోలికి పోవద్దనే చెప్తాను.

7. దరఖాస్తు ఒక్కటే పెట్టండి

అయిదు బ్యాంకుల్లో ఒకేసారి పెడితే ప్రతి ఒక్కరూ మీ క్రెడిట్ రిపోర్టు (మీ అప్పుల చిట్టా) తీస్తారు, అందులోని స్కోరు తగ్గుతుంది. ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ లాంటి సంస్థ ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది, ముందు అది చూసుకోండి. జీతం స్లిప్పు లేకపోతే ఐటీ రిటర్ను చూపించవచ్చు, లేదా చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి.

8. మూడు బిల్లులయ్యాక మళ్లీ పుస్తకం తీయండి

వేసుకున్న లెక్కా, వచ్చిన క్యాష్‌బ్యాకూ పక్కపక్కన రాయండి. రాకపోతే ఏ షాపు దగ్గర తేడా వచ్చిందో వెతకండి. షరతులు మార్చామని బ్యాంకు మెయిల్ పంపితే చదవండి, క్యాష్‌బ్యాక్ కోత పడేది అందులోనే. లాభం లేదనిపిస్తే బాకీ మొత్తం కట్టేసి, కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ బ్యాంకు మీకు 500 కట్టాలి. అడిగిన మెయిల్ మాత్రం దాచుకోండి.