వృద్ధి, ఉద్గారాలు, ఆరోగ్య వ్యయం: మూడు పద్దులను కలిపి చదివే పద్ధతి

దేశ జీడీపీ, కర్బన ఉద్గారాలు, ఆరోగ్య వ్యయం ఒకే గ్రాఫులో గీస్తే మూడు గీతలూ దాదాపు కలిసే పైకి పోతాయి. ఏటా పెరిగే ఏ రెండు అంకెలైనా అలాగే కనబడతాయి కనుక, ఆ పోలికను బట్టి పొగ వల్లే ఖర్చు పెరిగిందని తేల్చకూడదు. ముందుగా ఏ పద్దులో ఏది ఎక్కుతుందో చూసుకోవాలి.

కోనసీమలో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఒక సాయంత్రం తీసుకోండి. మిషను కోసిన చేలో మిగిలిన గడ్డికి ఎవరో నిప్పు పెడతారు. పొగ ఊరి మీదికి తిరుగుతుంది. ఉబ్బసమున్న పెద్దాయనను ఆటోలో అమలాపురం తీసుకెళ్లి నెబ్యులైజర్ పెట్టిస్తారు. ఆ బిల్లు ఆరోగ్య వ్యయంలోకి ఎక్కుతుంది, ఆసుపత్రి సేవ విలువ జీడీపీలోనూ చేరుతుంది. గడ్డి మంటలోని కార్బన్ డయాక్సైడ్ మాత్రం జాతీయ ఉద్గారాల లెక్కలో సున్నా. తర్వాతి పైరు దాన్ని తిరిగి పీల్చుకుంటుందన్న భావనతో ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐరాస నిపుణుల సంఘం) పద్ధతి ఈ మంటల నుంచి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లనే లెక్కిస్తుంది. పైగా ఆయనకు ఊపిరాడనివ్వనిది కార్బన్ డయాక్సైడ్ కాదు, పొగలోని సన్నని ధూళి. అందుచేత ఆ సన్నని ధూళిని కొలిచే పీఎం 2.5 అంకెలను నాలుగో వరుసగా చేర్చకుండా ఈ లెక్క మొదలుపెట్టవద్దు.

తర్వాత అన్నిటినీ తలసరికి మార్చి, రూపాయల అంకెలను స్థిర ధరల్లోకి తెచ్చి (ధరల పెరుగుదలను తీసేసి), మొత్తాలకు బదులు ఏడాదికేడాది వచ్చిన మార్పులను పోల్చండి.

ఆరోగ్య వ్యయాన్ని ప్రభుత్వం పెట్టినది, ఇంటివాళ్లు జేబులోంచి పెట్టినది అని విడదీయాలి. మొత్తం ఆరోగ్య వ్యయంలో జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. వాటా తగ్గిందంటే రూపాయలు తగ్గాయని కాదు. అదే కాలంలో ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.15 శాతం నుంచి 1.84 శాతానికి చేరింది, కానీ 2021-22 కోవిడ్ రెండో ఉద్ధృతి, టీకాల ఏడాది. దాన్ని వృద్ధి ఫలంగా చదివితే పొరపాటే. అంతకు ముందటేడు (2020-21) జీడీపీయే కుంగింది కాబట్టి, విభాజకం, అంటే భాగించే అంకె, తగ్గినందువల్ల కూడా ఆ ఏటి శాతాలు పెరుగుతాయి. ఈ రెండేళ్లనూ విడిగా గుర్తుపెట్టి, అవి లేకుండా ఒకసారి, ఉంచి మరొకసారి లెక్క వేయాలి.

ఈ పద్ధతిని జిల్లా స్థాయికి దించవద్దు. భీమవరం రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిరిగేది ఇక్కడ, వాటి కరెంటుకు బొగ్గు మండేది మరెక్కడో, కనుక ఆదాయం ఒక జిల్లా పద్దులో, ఉద్గారాలు మరో చోటి పద్దులో పడతాయి.