గేమ్ మధ్యలో తెర మీద రంగు చుక్కలు, గళ్లు: విండోస్ మార్చే ముందు ఇవి చూడండి

గేమ్ ఆడుతుంటే రంగు చుక్కలో, గళ్లో, చారలో కనిపించగానే విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించేవాళ్లే ఎక్కువ. దయచేసి ఆ పనితో మొదలుపెట్టకండి. సగం రోజు పోతుంది, చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అర నిమిషంలో అయ్యే పరీక్ష ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. తెర చెడినట్టు కనిపిస్తున్న క్షణంలోనే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనులో తెరిచి చూడండి. కెమెరాతో తీసిన ఫొటో పనికిరాదు, స్క్రీన్‌షాటే కావాలి. అందులో బొమ్మ శుభ్రంగా ఉంటే గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను గీసే భాగం) సరిగానే గీస్తోంది, తప్పు చాలావరకు కేబుల్‌లోనో మానిటర్‌లోనో ఉంటుంది. అందులోనూ చుక్కలుంటేనే కార్డు మీద అనుమానపడాలి.

స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే

కేబుల్ మార్చండి. తెల్లటి మెరుపు చుక్కలు, ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడి మళ్లీ రావడం కేబుల్ లక్షణాలే. 144 హెర్ట్జ్ మానిటర్‌కు పాత కేబుల్ తగిలిస్తే ఇలా అవుతుంది. రిఫ్రెష్ రేటును (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకెను) 60కి దించగానే పోయిందంటే ఇక వెతకక్కర్లేదు.

వేగంగా తిరిగినప్పుడు బొమ్మ అడ్డంగా తెగినట్టు కనిపిస్తే అది లోపమే కాదు. గేమ్ సెట్టింగుల్లో వీ-సింక్ పెట్టుకోండి, కార్డు వేగం మానిటర్ వేగంతో కలుస్తుంది.

స్క్రీన్‌షాట్‌లోనూ ఉంటే

ఒక్క గేమ్‌లోనే వస్తోందా? ఆ గేమ్ ఫైళ్లను సరిచూడండి. తర్వాత విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే ప్రోగ్రామ్‌తో కార్డు పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసి కొత్తది వేయండి. సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అవుతుంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) వైపు చూడండి. కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే ఒకే వైరుకున్న రెండు తలలను వాటికి తగిలించకండి. ఒక్కో సాకెట్ 150 వాట్ల దాకా తీసుకోవచ్చు కాబట్టి వేర్వేరు వైర్లు వేయండి.

అన్ని గేముల్లోనూ వస్తూ, మొదలుపెట్టగానే కాకుండా పది ఇరవై నిమిషాల తర్వాత కనిపిస్తూ, పొద్దున తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా ఉంటే మాత్రం అసలు విషయం వేరే ఉంది.

దాక్కునే కారణం: మెమరీ వేడి

"టెంపరేచర్ 68 డిగ్రీలే ఉందన్నా, వేడి సమస్య కాదు" అంటారు. ఆ 68 గ్రాఫిక్స్ చిప్‌ది. బొమ్మను దాచి ఉంచే మెమరీ చిప్‌లు దాని చుట్టూ విడిగా ఉంటాయి, వాటి వేడి వేరు. చిప్ మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకుల దిమ్మ) నేరుగా, మధ్యలో థర్మల్ పేస్టుతో ఆనుకుంటుంది. మెమరీకి, హీట్‌సింక్‌కు మధ్య మాత్రం మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉంటుంది. అది ఎండిపోతే మెమరీ లోలోపల కాలిపోతున్నా పైకి తెలియదు. చాలా కార్డుల్లో ఫ్యాన్ వేగం కూడా చిప్ వేడిని బట్టే పెరుగుతుంది. చిప్ చల్లగా ఉన్నంతసేపు ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతుంది.

వేడి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో మెమరీ జంక్షన్ (మెమరీ లోపలి వేడి) అనే వరుస ఉంటే ఆ అంకె చూడండి. ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల్లోని జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ 110 డిగ్రీలకు చేరితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత కార్డుల్లో ఆ వరుసే కనిపించదు. అందుకే అక్కడ అందరూ మోసపోతారు.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు దీనికి తోడయ్యేది ఎయిర్ కూలర్. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే సీపీయూ డబ్బాను తీసుకెళ్లి కూలర్ ఎదురుగా పెడతారు. ఆ తడిగాలికి దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య గోడకు అలికిన మట్టిలా గట్టిపడుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గరి ఇంటి నుంచి వచ్చిన ఒక కార్డుకు బ్లోయర్ పట్టి శుభ్రమైందనుకున్నారు. ఫ్యాన్లు విప్పితే వాటి వెనకే బూడిద రంగు పొర రేకుల్ని పూర్తిగా మూసేసి ఉంది. మెమరీ చుట్టూ ప్యాడ్‌లోంచి కారిన నూనె మరక, ప్యాడ్ వేలితో తాకగానే పొడి.

సెకండ్‌హ్యాండ్ కార్డయితే ఇంకా జాగ్రత్త. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్‌తో (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడంతో) నడిచే పద్ధతిని వదిలేశాక, అంతవరకు రాత్రింబవళ్లు మెమరీని వేడెక్కించిన కార్డులు చాలా అమ్మకానికి వచ్చాయి.

నిర్ధారించుకోవడం ఇలా. కార్డు ఫ్యాన్‌ను, వేగాన్ని మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో ఫ్యాన్‌ను 80 శాతం దగ్గర నిలిపి, గేమ్‌లో అదే చోట అంతే సేపు ఆడండి. చుక్కలు పోతే వేడే. పోకపోతే ఫ్యాన్ అలాగే ఉంచి మెమరీ క్లాక్‌ను (మెమరీ వేగాన్ని) 300 మెగాహెర్ట్జ్ తగ్గించి మళ్లీ ఆడండి. ఒకేసారి రెండూ మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

వేడే అయితే ముందు సీపీయూను కూలర్ గాలికి పక్కగా జరపండి. వారంటీ ఉంటే కార్డు విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. లేకపోతే ఫ్యాన్ల తొడుగు విప్పి, రేకుల్ని మెత్తటి పొడి బ్రష్‌తో శుభ్రం చేయండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ తీసేటప్పుడు సన్నటి ఫ్యాన్ వైర్లు ఇంకా బోర్డుకు తగులుకునే ఉంటాయి, లాగకండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టండి.

ప్యాడ్ మందం విషయంలో అంచనాలు వద్దు. ఒకే కార్డులో ఒకచోట 1 మిల్లీమీటరు, మరోచోట 2 మిల్లీమీటర్లు ఉండవచ్చు. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు, మెమరీ బాగుపడి చిప్ కాలుతుంది. మీ మోడల్‌కు సరైన కొలతలు తెలుసుకున్నాకే కొనండి. స్క్రూలు ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి.

అరుదైనవి

కార్డు బరువుకు వంగి స్లాట్‌లో సరిగా ఆనకపోవడం, మైనింగ్ కోసం మార్చిన బయోస్ (కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్), సిస్టమ్ ర్యామ్ లోపం. ఉంటాయి కానీ పై పరీక్షలన్నీ అయ్యాకే. కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే గళ్లు కనిపిస్తూ, కేబుల్, మానిటర్ మార్చినా పోకపోతే కార్డు హార్డ్‌వేర్ దెబ్బతిన్నట్టే. ఓవెన్‌లో పెట్టడం, హీట్ గన్ పట్టడం లాంటివి చేయకండి.

ఫ్యాన్ పెంచినా పోకుండా, క్లాక్ తగ్గిస్తేనే పోయిందంటే మెమరీ చిప్ బలహీనపడింది. కార్డు ఖరీదైనదైతే చిప్ మార్చే పని తెలిసినవారికి చూపించండి. లేదంటే ఆ తగ్గించిన క్లాక్‌నే సేవ్ చేసి, విండోస్‌తోపాటే అమలయ్యేలా పెట్టుకుని వాడుకోండి.