నీళ్లు మార్చగానే చేపలు పైకి తేలుతున్నాయా? మందు కొనే ముందు బకెట్ పరీక్షించండి

నీళ్లు మార్చిన గంటలోపే అద్దాల తొట్టిలోని చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటాయి. ఒకటో రెండో ఉన్నట్టుండి దూసుకెళ్లి అద్దానికి కొట్టుకుంటాయి. నిన్నటిదాకా బాగున్న చేపలన్నిటికీ ఒకేసారి జబ్బు చేయదు, తేడా కొత్త నీళ్లలో ఉంది. అయినా చాలామంది దుకాణానికి పరిగెత్తి నీలం మందో పసుపు మందో తెచ్చి పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అసలే క్లోరిన్‌కు కాలిన మొప్పల మీద అది ఇంకో దెబ్బ.

ముందు గాలిమోటరు పూర్తిగా తిప్పి, తొట్టిలో హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్, మోతాదు కింద చెప్పాను) కలపండి. ఆరోజు మేత వేయొద్దు. తర్వాత బకెట్‌లో మిగిలిన నీళ్లను పరీక్షించండి. మంచినీళ్లలో క్లోరిన్ చూసే ఓటీ ద్రావణం చిన్న సీసా ఇంట్లో ఉంటే చాలు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. మనకు అది రక్షణ, చేప మొప్పకు మాత్రం అంత కూడా ఎక్కువే. పరీక్షించిన నీళ్లు తొట్టిలో పోయకండి, ఆ ద్రావణం విషం.

"రాత్రంతా పట్టి ఉంచాను కదండీ!" అని అందరూ అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ పద్ధతి పనిచేస్తుంది కూడా. మూత లేని బకెట్‌లో మామూలు క్లోరిన్ ఒక రోజుకు ఎగిరిపోతుంది. దెబ్బ తినేది ఎండాకాలంలో కాలువలకు నీళ్లు ఆపేశాకే.

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఆగితే మన పట్టణాలకు చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లే దిక్కు. మే నెల వచ్చేసరికి అవి పచ్చబడతాయి. నాచు, ఆకు కుళ్లి అమ్మోనియా చేరుతుంది. శుద్ధి చేసేటప్పుడు వేసిన క్లోరిన్ ఆ అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అవుతుంది. ఇది అంత తేలిగ్గా ఎగిరిపోదు, బకెట్‌లో రోజుల తరబడి ఉండిపోతుంది.

భీమవరంలో ఉన్నప్పుడు ఒక మే నెలలో దీనివల్లే ఆరు గోల్డ్‌ఫిష్‌లు పోయాయి. నీళ్లు రోజంతా పట్టి ఉంచాను. ఓటీ చుక్కలు వేసి చూస్తే రంగు రాలేదు. గొట్టం వాష్‌బేసిన్ అంచున పెట్టేసి నీళ్లు మార్చాను. కాసేపటికి గొట్టం కడుగుదామని తీస్తే, అడుగు దాకా పసుపు కలిపిన నీళ్లలా ఉంది. అప్పటికే చేపలు పైకి తేలుతున్నాయి. మామూలు క్లోరిన్‌కు రంగు చుక్క పడగానే వస్తుంది, క్లోరమిన్‌కు నెమ్మదిగా వస్తుంది. అందుకే చుక్కలు వేసి 5 నిమిషాలు ఆగండి. ఆ 5 నిమిషాలు ఎవరూ ఆగరు, నాకున్న బాధంతా అదే.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. 10 గ్రాముల హైపో పలుకులు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి సీసాలో పోసుకోండి. 20 లీటర్ల బకెట్‌కు 2 మిల్లీలీటర్లు వేసి, కలిపి, మళ్లీ ఓటీతో చూడండి. 5 నిమిషాల తర్వాత కూడా రంగు వస్తే ఇంకో 2 వేయండి.

హైపో క్లోరమిన్‌ను విడగొడుతుంది కానీ అందులోని అమ్మోనియా నీళ్లలోనే మిగులుతుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే ఆ అమ్మోనియాలో విషంగా మారే వాటా దాదాపు 10 రెట్లవుతుంది. నాచు పట్టిన చెరువు నీళ్లకు పీహెచ్ ఎక్కువే ఉంటుంది, పైగా ఎండాకాలపు వేడి. కాబట్టి కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో ఒకేసారి సగం తొట్టి మార్చకండి. ఐదో వంతు చాలు, పాత ఫిల్టర్ ఉంటే ఆ కాస్త అమ్మోనియాను అందులో పెరిగిన బాక్టీరియా తినేస్తుంది. ఫిల్టర్ కొత్తదైతే ఆక్వా మందుల షాపులో అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ గుళికలు తెచ్చి, గుడ్డలో కట్టి, హైపో వేసిన బకెట్‌లో గాలి పెట్టి రాత్రంతా ఉంచండి. పొడి వద్దు, నీళ్లు తెల్లబడతాయి. తొట్టిలో ఉప్పు వేసే అలవాటుంటే జియోలైట్ జోలికి పోకండి, పట్టిన అమ్మోనియాను ఉప్పు నీళ్లలో మళ్లీ వదిలేస్తుంది. అనుమానంగా ఉంటే ఒక సీసా నీళ్లు ఆక్వా ల్యాబ్‌కు పట్టుకెళ్లండి. రొయ్యల చెరువులకు చేసినట్టే అమ్మోనియా, పీహెచ్ చూసి చెబుతారు.

ఇక మిగతావి అరుదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి. మినరల్ వాటర్ క్యాన్ ఒక్కటే పోస్తే ఖనిజాలు చాలవు, కుళాయి నీళ్లతో కలిపి పోయండి. మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కాగిపోయి ఉంటాయి, పొద్దున్నే పట్టుకోండి. ఆ ట్యాంకును బ్లీచింగ్‌తో కడిగిన వారంలో మాత్రం ప్రతి బకెట్‌నూ ఓటీతో చూశాకే తొట్టిలో పోయండి.