స్థానిక మత్తుమందులు – 6వ పాఠం: ప్రొప్రనలాల్ వాడుతున్న రోగి

ప్రొప్రనలాల్ (గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గించే మాత్ర) వాడుతున్న రోగికి ఏ మత్తు సూది ఎంత ఇవ్వాలని అయిదో పాఠం చివర ఇచ్చిన లెక్కలో దంతవైద్య విద్యార్థులు చాలామంది ఒకే చోట తడబడ్డారు కనుక, ఈసారి చెప్పవలసిన సల్ఫా మందుల సంగతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మత్తుమందు సీసా మీద ఉండే 1:80,000 అంటే 80,000 మిల్లీలీటర్లకు 1 గ్రాము అడ్రినలిన్, అంటే మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు, అదే మిల్లీలీటరులో తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైన్ (2 శాతం) 20 మిల్లీగ్రాములు ఉంటుంది. సీసా ఒకటే అయినా మందులు రెండు. రోగి వేసుకునే మాత్ర వాటిలో దేని మీద ప్రభావం చూపుతుందో విడివిడిగా ఆలోచించాలి.

అడ్రినలిన్ ఆల్ఫా గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కుని పనిచేసే చోట్ల) ద్వారా రక్తనాళాలను బిగిస్తుంది, బీటా-2 గ్రాహకాల ద్వారా కండరాల్లోని నాళాలను సడలిస్తుంది. ప్రొప్రనలాల్ బీటా-2ను అడ్డుకుంటే బిగింపు ఒక్కటే మిగిలి రక్తపోటు పెరుగుతుంది, దానికి ప్రతిస్పందనగా గుండె వేగం తగ్గుతుంది. ప్రొప్రనలాల్ లాగే బీటా బ్లాకర్లయిన (బీటా గ్రాహకాలను అడ్డుకునే మందులైన) అటెనలాల్, మెటోప్రొలాల్ ప్రధానంగా గుండెలోని బీటా-1 మీద పనిచేస్తాయి కనుక వాటితో ఈ ప్రమాదం తక్కువ. అందుకే కేస్ షీటులో ‘బీటా బ్లాకర్’ అని రాసి వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. మాత్ర పేరు రాయండి.

‘అడ్రినలిన్ లేని లిగ్నోకైన్ ఇస్తే సరిపోతుంది’ అన్న జవాబే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ప్రొప్రనలాల్ కాలేయానికి రక్తప్రసరణను తగ్గిస్తుంది, కాలేయంలో లిగ్నోకైన్ విచ్ఛిన్నం కావడాన్నీ మందగింపజేస్తుంది. కనుక లిగ్నోకైన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా అడ్రినలిన్ లేనప్పుడు అది రక్తంలోకి త్వరగా చేరుతుంది. గరిష్ఠ మోతాదు కిలోకు 7 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గేది అందుకే. ఇక తిమ్మిరి త్వరగా విడిపోతే మీరు మళ్లీ సూది వేస్తారు, మోతాదు పెరుగుతుంది. నొప్పికి రోగి శరీరం తన సొంత అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. ఒక ప్రమాదం నుంచి తప్పించుకోబోయి మూడింటిని తెచ్చుకున్నట్టవుతుంది. నేనైతే 1:2,00,000 ద్రావణంతో మొదలుపెట్టి, సూది రక్తనాళంలో లేదని వెనక్కి లాగి చూసుకుని, 1 మిల్లీలీటరు నెమ్మదిగా ఇచ్చి, 5 నిమిషాలు ఆగి రక్తపోటు చూస్తాను. గుండె జబ్బు ఉన్నవారికి పాటించే 40 మైక్రోగ్రాముల అడ్రినలిన్ పరిమితినే ఇక్కడా దాటను.

‘బీపీ ఉందా, షుగర్ ఉందా’ అని మాత్రమే అడిగితే ఈ రోగి మీకు దొరకదు. పార్శ్వనొప్పికి ప్రొప్రనలాల్ వేసుకునే పాతికేళ్ల అమ్మాయి రెండింటికీ లేదనే చెబుతుంది, అది నిజం కూడా. అదే తలనొప్పికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ కూడా వాడుతుంటే, అది నరాల చివర నారడ్రినలిన్ (అడ్రినలిన్ లాంటి రసాయనం) తిరిగి లోపలికి పోకుండా ఆపుతుంది కాబట్టి అడ్రినలిన్ ప్రభావమూ పెరుగుతుంది. రోజూ వేసుకునే మాత్రల అట్టలను వెంట తెమ్మనండి.

అభ్యాసం: ఆమె బరువు 50 కిలోలు, ఈ రెండు మాత్రలూ వాడుతోంది, కింది దవడ పన్ను తీయాలి. 1:80,000, 1:2,00,000, అడ్రినలిన్ లేనిది – ఈ మూడు ద్రావణాలకూ ఎన్ని మిల్లీలీటర్లు దాటకూడదో, ఆ హద్దును ముందుగా ఏ మందు నిర్ణయిస్తుందో కారణాలతో రాయండి. ప్రొప్రనలాల్ ఆపమని చెబుతామన్న జవాబును అంగీకరించను. హఠాత్తుగా ఆపితే గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు.