ఎడారి ఊటల్లో పప్‌ఫిష్‌ని చూడాలంటే

వేగస్ వెళ్లిన మనవాళ్లు చాలామంది డెత్ వ్యాలీ దాకా పోయి వస్తారు కానీ, దగ్గర్లోనే ఉన్న ఆష్ మెడోస్ అనే వన్యప్రాణుల ఆశ్రయంలో ఆగరు. పప్‌ఫిష్ అనే బుల్లి చేపలు ఉండే ఊటలు అక్కడే ఉన్నాయి. ఒక పూట దానికి ఉంచుకోండి. వేగస్ నుంచి సుమారు 90 మైళ్లు. పరంప్ ఊళ్లోనే గ్యాస్ కొట్టించి, నీళ్లు కొనుక్కుని, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడి నుంచి సిగ్నల్‌ని నమ్ముకోలేం. లోపల కంకర రోడ్లు, టికెట్ లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉదయం పూట మంచిది, ఎండాకాలం వద్దు.

అందరూ ముందు డెవిల్స్ హోల్‌కే పరిగెడతారు. కొండ పగులులో 500 అడుగులకు పైగా లోతున్న గుంట అది, నీళ్లు ఎప్పుడూ 33 డిగ్రీల వేడి, అడుగు ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అంత లోతున్నా ఇందులో ఉండే డెవిల్స్ హోల్ పప్‌ఫిష్‌లు తినేదీ గుడ్లు పెట్టేదీ పైన నీళ్లలో మునిగి ఉన్న ఒక్క రాతి అరుగు మీదే, అది మన పడకగదంత ఉంటుంది. చుట్టుపక్కల బోర్లు తోడేస్తే నీటిమట్టం దిగి అరుగు బయటపడుతుందని కోర్టుకెక్కితే, 1976లో అమెరికా సుప్రీంకోర్టు చేపల పక్షాన తీర్పిచ్చింది. 2024 వసంతంలో ఈ గుంటలో 191 చేపలున్నాయి. తర్వాత భూకంపాలకు నీళ్లు ఊగిపోయి అరుగు మీది నాచు, గుడ్లు కొట్టుకుపోయాయి, 2025లో లెక్కపెడితే 38. కంచె బయట నుంచే చూడాలి, పైనుంచి చేప కనిపించడం చాలా కష్టం. 2016లో ముగ్గురు కంచె దాటి లోపలికి దిగితే ఒక చేప చచ్చిపోయింది, వాళ్లలో ఒకరికి ఏడాది జైలు పడింది.

చేపని కళ్లారా చూడాలంటే ఆష్ మెడోస్‌లోనే ఉన్న పాయింట్ ఆఫ్ రాక్స్ ఊటల దగ్గరికి వెళ్లండి. అక్కడుండేది డెవిల్స్ హోల్ చేపకి దగ్గరి చుట్టం, అమర్గోసా పప్‌ఫిష్, అదీ అంతరించిపోతున్న జాతే. చెక్క బాట మీద మీ నీడ నీళ్లలో పడకుండా నిలబడి, పిల్లల్ని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు కదలకండి. పోలరైజ్డ్ కళ్లజోడు ఉంటే నీటి మెరుపు అడ్డురాదు. ముందు నాచు మాత్రమే కనిపిస్తుంది, కాసేపటికి అందులోంచి వేలి కణుపంత నీలం మెరుపు ఒకటి దూసుకొచ్చి ఇంకోదాన్ని తరుముతుంది. అది మగది, తన జాగాలోకి ఎవరినీ రానివ్వదు. తరిమేసి మళ్లీ సరిగ్గా అదే చోటికి వచ్చి ఆగుతుంది, అప్పుడు తోక చివర నల్ల అంచు కూడా చూడొచ్చు.

నీళ్లలో చెయ్యి పెట్టకండి, బిస్కెట్ ముక్కలు వెయ్యకండి. ఇంట్లో అక్వేరియం తీసేస్తుంటే ఆ చేపల్ని ఏ ఊటలోనూ, ఏ చెరువులోనూ వదలొద్దు, దయచేసి షాపుకే తిరిగివ్వండి. ఈ ఊటల్లో బయటి నుంచి వచ్చిపడ్డ మోలీలు, మస్కిటోఫిష్‌లు అనే చేపలు పప్‌ఫిష్ తిండికి పోటీకొచ్చి, గుడ్లనీ పిల్లల్నీ తినేస్తున్నాయి.